ట్రైలర్ లాగే డీజిల్ పికప్‌లో ఎగ్జాస్ట్ వేడి కొలత: ప్రాజెక్టు డైరీ

బండి: ఇసుజు వీ-క్రాస్, 2.5 లీటర్ల బీఎస్-4 డీజిల్, మాన్యువల్ గేర్లు.
లాగేది: చక్రాల మీద కట్టిన జనరేటర్ సెట్టు. దాని బ్రేకులు దానికే ఉన్నాయి.
బరువు: ధర్మకాంటా మీద ట్రైలర్ 1,400 కిలోలు. ట్యాంకు నిండా డీజిల్, ఇద్దరు మనుషులు, పనిముట్లతో బండి 2,100. మొత్తం మూడున్నర టన్నులు.
పని: టర్బోకి (ఎగ్జాస్ట్ గ్యాస్‌తో తిరుగుతూ ఇంజన్‌లోకి గాలి నెట్టే చక్రం) ముందు ఎగ్జాస్ట్ గ్యాస్ వేడి ఎంతుందో డ్రైవర్‌కి కనపడాలి, మెమరీ కార్డులో రికార్డవ్వాలి.

ఎందుకు పెట్టడం

డ్యాష్‌బోర్డులో వేడి ముల్లు ఒకటి ఉంది కదా అంటారు. అది చూపేది రేడియేటర్ నీళ్ల వేడి. పైగా చాలా బళ్లలో ఆ ముల్లు ఒక పరిధి మొత్తానికీ మధ్యలోనే నిలబడేలా చేసి ఉంటారు. ఘాట్ ఎక్కేటప్పుడు సిలిండర్‌లోంచి బయటికొచ్చే గ్యాస్ వేడి పదిహేను సెకన్లలో రెండొందల డిగ్రీలు పెరగొచ్చు. నీళ్ల ముల్లు కదలడానికి నిమిషాలు పడుతుంది. అది కదిలేలోపు ఎగ్జాస్ట్ వాల్వులు, పిస్టన్ తల, టర్బో చక్రం ఆ వేడినంతా భరిస్తూనే ఉంటాయి.

పెట్రోలు ట్యూనింగ్ అలవాటున్నవాళ్లు ముందు ఒకటి మర్చిపోవాలి. అక్కడ ఇంధనం ఎక్కువైతే ఎగ్జాస్ట్ చల్లబడుతుంది. డీజిల్‌లో తిరగబడుతుంది: గాలి అంతే ఉండి డీజిల్ పెరిగితే వేడి పెరుగుతుంది. కాబట్టి ఈ మీటర్ చూపేది, ఒకరకంగా, పోస్తున్న డీజిల్‌కి తగ్గ గాలి అందుతోందా లేదా అని. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముపట్టినా, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ గొట్టం లీకైనా, టర్బో లోపల గ్యాస్ దారిని సర్దే చిన్న రెక్కలు, అంటే వేన్లు, మసిపట్టి బిగుసుకున్నా, డ్రైవర్ పెద్ద గేరులో బండిని ఈడ్చినా ముందు తెలిసేది ఇక్కడే.

ఒక లెక్క వేసి చూద్దాం. 100 మీటర్లకి 6 మీటర్లు ఎక్కే రోడ్డు మీద మూడున్నర టన్నుల్ని గంటకి 40 కి.మీ. వేగంతో లాగాలంటే ఎత్తుకే దాదాపు 23 కిలోవాట్లు కావాలి. టైర్లకి ఇంకో నాలుగున్నర. గేరుబాక్సు, డిఫరెన్షియల్ తినేది కలిపితే ఇంజన్ దగ్గర 30 కిలోవాట్లు, సుమారు 40 హార్స్‌పవర్. ఈ ఇంజన్‌ది 136. అందులో 40 ఏపాటి అనిపిస్తుంది. కానీ ఆ 40ని నాలుగో గేరులో 1,400 ఆర్పీఎం దగ్గర తీయాలంటే 205 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, కావాలి. మూడో గేరులో 2,000 దగ్గర అయితే 143 చాలు. ఈ ఇంజన్ పూర్తి టార్క్ 320 ఇచ్చేది 1,800 దాటాకే. 1,400 దగ్గర టర్బో ఇంకా నిద్రలోనే ఉంటుంది, గాలి తక్కువ, కాలేమో నేలదాకా నొక్కి ఉంటుంది. వేడి పుట్టేది అక్కడే. బండి మెల్లగా పోతోంది కాబట్టి ఇంజన్ సుఖంగా ఉందనుకోవడం ఘాట్ల మీద మామూలుగా జరిగే పొరపాటు.

హద్దులు

టర్బోకి ముందు కొలిస్తే 620 డిగ్రీల దగ్గర పసుపు లైటు, 690 దగ్గర ఎర్ర లైటు, బజర్. నిలకడగా 700 దాటనివ్వకూడదన్నది మేం పెట్టుకున్న నియమం. ఇది సెల్సియస్ లెక్క. విదేశీ మీటర్ల మీద కనిపించే 1,300 ఫారన్‌హీట్ అంటే 704. ప్రతి ఇంజన్‌కీ తయారీదారు పెట్టుకున్న హద్దు వేరే ఉంటుంది. కొన్ని కొత్త ఇంజన్లు ఇంతకన్నా ఎక్కువే తట్టుకుంటాయి. అయినా బయట నుంచి మీటర్ పెట్టుకునేవాళ్లు జాగ్రత్త వైపు ఉండటమే నయం.

అల్యూమినియం 660 దగ్గర కరుగుతుంది కదా, మరి 700 గ్యాస్‌కి పిస్టన్ ఎందుకు కరగదని అడిగేవాళ్లుంటారు. మంట మండే క్షణంలో సిలిండర్‌లో వేడి 2,000 డిగ్రీలు దాటుతుంది. పిస్టన్‌ని కాపాడేది కింద నుంచి చిమ్మే ఆయిల్, మధ్యమధ్యలో లోపలికొచ్చే చల్లగాలి. పిస్టన్ వేడి, గ్యాస్ వేడి ఒకటి కావు. గ్యాస్ వేడి పిస్టన్ పరిస్థితికి ఒక సూచన, అంతే. అందుకే ఎత్తు ఎక్కుతూ ఓవర్‌టేక్ చేసినప్పుడు కొన్ని సెకన్లు 700 తాకితే ఏమీ కాదు. అదే అంకె మీద ఐదు నిమిషాలు లాగిస్తేనే సమస్య.

ప్రోబ్ ఎక్కడ

ప్రోబ్ అంటే గ్యాస్‌లో ఉండి వేడి పట్టే సన్నటి కడ్డీ. అది టర్బోకి ముందా, తర్వాతా? తర్వాత పెడితే పని తేలిక. టర్బో దాటాక వచ్చే పొగ గొట్టానికి (డౌన్‌పైపు) చిన్న బొడిపె వెల్డ్ చేయిస్తే సరిపోతుంది, టర్బోకి ప్రమాదమే లేదు. కానీ టర్బో ఆ గ్యాస్‌లోని శక్తిని లాక్కునే తిరుగుతుంది కాబట్టి దాటాక వేడి పడిపోతుంది. లోడు మీద ఆ తేడా 100 నుంచి 200 డిగ్రీల దాకా ఉంటుంది, పైగా ఒక్కో లోడుకి ఒక్కోలా మారుతుంది. తర్వాత 500 చూపిస్తే ముందు 600 ఉందో 700 ఉందో తేల్చలేం. కాబట్టి ముందే.

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో, అంటే సిలిండర్ల పొగని కలిపి టర్బోకి తెచ్చే గొట్టాల్లో, కూడా ఎక్కడ పడితే అక్కడ కుదరదు. ఒక సిలిండర్ గొట్టం మీద పెడితే ఆ ఒక్క సిలిండర్ సంగతే తెలుస్తుంది, మిగతా మూడింటిలో ఇంజెక్టర్ ఎక్కువ పోస్తున్నా పట్టదు. నాలుగూ కలిసే చోట, టర్బో ఫ్లాంజ్‌కి 30, 40 మి.మీ. ఇవతల పెట్టాం. ఆ స్థలం ఎంచుకునేటప్పుడు హీట్ షీల్డు తిరిగి కూర్చోవాలి, పానా తిరగాలి, పక్కన ఆయిల్ గొట్టం తగలకూడదు. ఈ మూడూ చూడకుండా పెన్నుతో గుర్తు పెట్టొద్దు.

సామాను

ప్రోబ్: కె-టైప్ థర్మోకపుల్ (రెండు వేరు లోహాల తీగలు కలిసే చోటు, అంటే జంక్షన్, వేడెక్కితే చిన్న ఓల్టేజీ ఇచ్చేది), 3 మి.మీ. మందం, ఇంకొనెల్ 600 తొడుగు, లోపల మెగ్నీషియం ఆక్సైడ్ నింపినది, జంక్షన్ తొడుగుకి తగలని రకం. హైదరాబాద్‌లో జీడిమెట్ల, చర్లపల్లి వైపు ఫర్నేసులకి, బాయిలర్లకి ఇవి చేసిచ్చే యూనిట్లలో పొడవు చెప్పి చేయించుకోవచ్చు. తొడుగుకి ఎస్ఎస్ 316 స్టెయిన్‌లెస్ స్టీలు చాలంటారు. ఎక్కువ కాలం మన్నాలన్నా, డీజిల్ మసిలో ఉండాలన్నా ఇంకొనెల్‌కి పెట్టే డబ్బు దండగ కాదు. జంక్షన్ బయటికి కనిపించే రకం తొందరగా స్పందిస్తుంది కానీ, సన్నటి తీగ తెగితే ముక్క నేరుగా టర్బో చక్రంలోకే పోతుంది. ముందు పెట్టే ప్రోబ్‌కి ఆ రకం వద్దు. 6 మి.మీ. ఫర్నేస్ ప్రోబ్ కూడా వద్దు. గట్టిదే, కానీ అది వేడెక్కేలోపు ఘాట్ మలుపు అయిపోతుంది.

ఫిట్టింగ్: 1/8 అంగుళం ఎన్‌పీటీ (ఒక రకం పైపు మరచుట్లు), ప్రోబ్ కాడని నొక్కి పట్టే స్టీలు రింగు, అంటే ఫెర్రూల్, ఉన్న కంప్రెషన్ రకం. రాణిగంజ్‌లో ఒక సూత్ (1/8 అంగుళం) ఫిట్టింగ్ అడిగితే చేతికొచ్చేది చాలావరకు బీఎస్‌పీ అనే ఇంకో రకం మరచుట్లది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. ఎన్‌పీటీకి అంగుళానికి 27 చుట్లు, 60 డిగ్రీల కోణం. బీఎస్‌పీకి 28 చుట్లు, 55 డిగ్రీలు. ఒకదాని రంధ్రంలో రెండోది రెండు మూడు చుట్లు తిరిగి బిగుసుకుంటుంది, గట్టిగా పట్టిందనిపిస్తుంది. వేడెక్కి చల్లారిన తర్వాత అక్కడి నుంచి మసి చిమ్మడం మొదలవుతుంది. ట్యాప్, ఫిట్టింగ్ ఒకే చోట కొని, అక్కడే ఒక నట్టులో వేసి చూసుకోవాలి.

ఎలక్ట్రానిక్స్: థర్మోకపుల్ ఓల్టేజీని డిగ్రీలుగా మార్చే మ్యాక్స్ 31856 మాడ్యూల్, కోడ్ నడిపే ఈఎస్పీ32 బోర్డు, చిన్న ఓఎల్ఈడీ తెర, మెమరీ కార్డు సాకెట్, బజర్, బ్యాటరీ ఓల్టేజీని తగ్గించే, 40 ఓల్టుల దాకా తట్టుకునే 5 ఓల్టుల బక్ కన్వర్టర్, ఓల్టేజీ ఎగసినప్పుడు ఆపడానికి లైనుకి అడ్డంగా టీవీఎస్ డయోడ్, 2 ఆంపియర్ల ఫ్యూజు. కోఠి గుజరాతీ గల్లీలో ఒక్క పూటలో దొరికే సామాను. చవకగా దొరికే మ్యాక్స్ 6675 కూడా 1,024 డిగ్రీల దాకా చదువుతుంది, పని చేస్తుంది. కానీ దాని ఇన్‌పుట్‌కి రక్షణ తక్కువ. ప్రోబ్ జంక్షన్ తొడుగుకి తగిలే రకమైతే బండి బాడీ ఎర్త్, బోర్డు ఎర్త్ మధ్య ఉండే చిన్న తేడా కూడా కొలతలో కలిసిపోతుంది. కె-టైప్ ఇచ్చేది డిగ్రీకి 41 మైక్రోఓల్టులే. అంటే ఒక మిల్లీఓల్టు తేడా వస్తే 24 డిగ్రీలు తప్పు. హెడ్‌లైట్లు వేయగానే ఎగ్జాస్ట్ వేడి పెరిగినట్టు చూపే మీటర్లన్నిటి కథ ఇదే.

ఇంత ఎందుకు, ఫర్నేసులకి వాడే 12 ఓల్టుల డిజిటల్ ప్యానెల్ మీటర్ పెట్టొచ్చుగా? పెట్టొచ్చు. మెల్లగా మారుతుంది, రికార్డు ఉండదు, కానీ ఏమీ లేకపోవడం కన్నా నయం. ప్రోబ్, వైరు సరిగ్గా పెట్టి ఇలాంటి మీటర్ తగిలించినా ఫరవాలేదు. అందమైన తెర పెట్టి వైరు తప్పు వేస్తేనే మోసం. ఈ ప్రాజెక్టులో డబ్బూ శ్రద్ధా బానెట్ కిందే పెట్టాలి, డ్యాష్‌బోర్డు మీద కాదు.

బెంచీ మీద పరీక్ష

బండికి బిగించక ముందే రెండు చోట్ల సరిచూడాలి. దంచిన ఐసుగడ్డ, నీళ్లు కలిపిన గ్లాసులో సున్నా. మరిగే నీళ్లలో 98, 100 కాదు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు 98 చిల్లర దగ్గరే మరుగుతాయి. ఇది తెలియక కోడ్‌లో రెండు డిగ్రీలు కలిపి సరిచేశామనుకుంటే లేని తప్పుని పుట్టించినట్టే. క్లాస్ 2 థర్మోకపుల్‌కి ఈ వేడి దగ్గర రెండున్నర డిగ్రీల తేడా ఎలాగూ అనుమతే. 700 దగ్గర అది 0.75 శాతం, ఐదు డిగ్రీల పైచిలుకు. మన పనికి అది లెక్కలోది కాదు. గ్యాస్ స్టవ్ మంటలో పెట్టి సరిచూడటం దండగ, మంట ఎంత వేడో ఎవరూ చెప్పలేరు. ప్రోబ్ బతికే ఉందని తెలుస్తుంది, అంతవరకే.

ప్రోబ్ వేడి చేస్తే అంకె కిందికి దిగితే వైర్లు తారుమారయ్యాయి. రంగులు నమ్ముకుంటే ఇబ్బంది: ఒక పద్ధతిలో పాజిటివ్ పసుపు, నెగిటివ్ ఎరుపు, ఇంకో పద్ధతిలో పాజిటివ్ ఆకుపచ్చ, నెగిటివ్ తెలుపు. ఎరుపు చూసి పాజిటివ్ అనుకోవడం ఎలక్ట్రీషియన్లకి సహజం. అయస్కాంతం పెట్టి చూడటం ఉత్తమం. అంటుకునే తీగ అల్యుమెల్, అదే నెగిటివ్.

ఇక్కడ దొరకని దొంగ ఇంకొకటుంది. ప్రోబ్‌ని మాడ్యూల్‌కి కలిపే పొడిగింపు వైరు రెండు కొసల్లోనూ తారుమారైతే అంకె వేడి పెరిగితే పెరుగుతుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ఇంజన్ వైపు కొస క్యాబిన్ కన్నా 40 డిగ్రీలు వేడెక్కితే మీటర్ 80 తక్కువ చూపుతుంది. తక్కువ చూపడం ఎక్కువ చూపడం కన్నా ప్రమాదం. కనెక్టర్‌ని హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి చూడాలి, ప్రోబ్ చల్లగా ఉండగా అంకె కదిలిందంటే వైరు తప్పు.

రంధ్రం, ట్యాపు

మానిఫోల్డ్ బండి మీదే ఉంచి, ఇంజన్ ఐడిల్‌లో పెట్టి, ఎగ్జాస్ట్ గాలికి రజను బయటికి చిమ్మేలా డ్రిల్ చేసే పద్ధతి ఒకటుంది. పాత రకం టర్బోల మీద చాలామంది అలాగే చేస్తారు. ఈ బండిది వేన్లు తిరిగే టర్బో. చిన్న ఇనుప ముక్క ఆ వేన్ల మధ్య చిక్కుకుంటే టర్బో మొత్తం విప్పాలి. కాబట్టి మానిఫోల్డ్ విప్పి బెంచీ మీద పెట్టి చేయడమే పద్ధతి. పని రెట్టింపు, కొత్త ప్యాకింగ్ ఖర్చు, తుప్పుపట్టిన స్టడ్లతో తంటా. అయినా టర్బో ధర ముందు ఇవన్నీ చిల్లర.

స్టడ్లకి ముందు రోజు సాయంత్రమే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి వదిలేయాలి. కాస్త గోరువెచ్చగా ఉన్నప్పుడు నట్టుని ముందు బిగించే వైపు కొద్దిగా కదిపి, తర్వాత వదులు వైపు తిప్పితే స్టడ్ తెగే అవకాశం తగ్గుతుంది. ఒక్కటి తెగినా సిలిండర్ హెడ్‌లోంచి తీయించడానికి టర్నర్ దగ్గరికి పోవాల్సిందే. స్టడ్లు, నట్లు కొత్తవి ముందే తెచ్చిపెట్టుకోవాలి, పాతవి మళ్లీ వాడొద్దు.

పోత ఇనుము డ్రిల్‌కి లొంగుతుంది, కూలెంట్ అక్కర్లేదు. సెంటర్ పంచ్, తర్వాత 3 మి.మీ., 6 మి.మీ., చివరికి 8.5 మి.మీ. డ్రిల్లు గోడకి నిటారుగా ఉండాలి, అంతకన్నా ముఖ్యంగా ప్రోబ్ కొన గొట్టం నడిమధ్యకి వచ్చే దిశలో ఉండాలి. రెండూ ఒకేసారి కుదరకపోతే రెండోది చూసుకుని, ఫిట్టింగ్ కూర్చునే చోట ఒక చదునైన ముఖం ఆకురాయితో తీయాలి. ఆ ముఖం లేకుండా వంపు మీద డ్రిల్ పెడితే బిట్టు జారి రంధ్రం కోడిగుడ్డులా తయారవుతుంది, ఎన్‌పీటీకి అది పనికిరాదు.

ట్యాపు దగ్గరే ఎక్కువ పాడవుతుంది. ఎన్‌పీటీ ట్యాపు కొసకి సన్నగా, పైకి లావుగా ఉంటుంది. ఎంత లోపలికి పోతే రంధ్రం అంత వెడల్పవుతుంది. అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ, మధ్యమధ్యలో ట్యాపు తీసి ఫిట్టింగ్‌తో చూడాలి. చేత్తో మూడు చుట్లు పోయి ఆగిందంటే చాలు, మిగతాది పానాతో. ఇంకొంచెం అని దింపితే ఫిట్టింగ్ అడుగుదాకా పోయి కూర్చుంటుంది, బిగింపు ఉండదు, మానిఫోల్డ్ మార్చుకోవాలి. మానిఫోల్డ్ గోడ ఇక్కడ 6, 7 మి.మీ. ఉంటుంది, చుట్లు పట్టడానికి అంతే చోటు.

టెఫ్లాన్ టేపు చుట్టొద్దు, 260 దాటితే అది పనికిరాదు. నికెల్ కలిసిన యాంటీ సీజ్ పేస్టు సన్నగా పూస్తే తర్వాత ఎప్పుడైనా విప్పడానికి వస్తుంది. రజను మొత్తం అయస్కాంతంతో, కంప్రెసర్ గాలితో, కిరోసిన్ కడుగుతో తీసేయాలి. లోపలి అంచున మిగిలిన ముక్కు, అంటే డ్రిల్లు బయటికి దూసుకొచ్చిన చోట లేచిన పళ్లు, గుండ్రటి ఆకురాయితో కొట్టేయాలి. వేడికి అవే తర్వాత రాలి టర్బోలోకి పోతాయి. ఈ పళ్లు వేలికి తగులుతాయి కానీ కంటికి పెద్దగా కనపడవు. చూపుడువేలు లోపలికి పెట్టి చుట్టూ తడిమితే తేలిపోతుంది.

లోతు: మానిఫోల్డ్ లోపలి వెడల్పు ఈ చోట 45 మి.మీ. లోపు. కొన నడిమధ్య ఉండాలంటే గోడ దాటి 20, 22 మి.మీ. లోపలికి రావాలి. నిజానికి ప్రోబ్ మందానికి పది రెట్లు, అంటే 30 మి.మీ. గ్యాస్‌లో ఉంటే మంచిది. అంత చోటు లేదు. గ్యాస్ వేడి కొంత ప్రోబ్ కాడ వెంబడి గోడకి పారిపోతుంది కాబట్టి మీటర్ అసలు కన్నా కాస్త తక్కువే చూపుతుందని గుర్తుంచుకోవాలి. పసుపు లైటు 620 దగ్గరే పెట్టడానికి ఇది కూడా కారణం. లోతు సరిచూసుకున్నాకే ఫెర్రూల్ బిగించాలి, ఒకసారి నొక్కుకుపోయాక అది కాడ మీద జరగదు.

వైరు, బాక్సు

ప్రోబ్ నుంచి మాడ్యూల్ దాకా మొత్తం కె-టైప్ పొడిగింపు వైరే. మధ్యలో రాగి తీగ అతికితే, ఆ అతుకు వేడికీ మాడ్యూల్ వేడికీ తేడా ఎంతుంటే అంత తప్పు వస్తుంది. బానెట్ కింద అతుకు 90 డిగ్రీలు, క్యాబిన్ 30 అయితే మీటర్ 60 తక్కువ చూపుతుంది. ఫైబర్‌గ్లాస్ అల్లిక ఉన్న వైరు, టర్బో నుంచి ఒక జానెడు దూరం, ఆల్టర్నేటర్, ఇంజెక్టర్ వైర్లకి సమాంతరంగా కాకుండా దాటేలా. ఫైర్‌వాల్ దగ్గర రబ్బరు గ్రొమెట్ లేకుండా తీస్తే కొన్ని నెలల్లో రేకు అంచు దాన్ని కోసేస్తుంది.

మాడ్యూల్ క్యాబిన్‌లో, స్టీరింగ్ కింద. థర్మోకపుల్ చెప్పేది దాని రెండు కొసల వేడిలో తేడానే కాబట్టి, మ్యాక్స్ చిప్ తన వేడినే చల్లని కొస వేడిగా లెక్కేసుకుంటుంది. దాన్ని బక్ కన్వర్టర్ పక్కనే కుక్కితే చిప్ వేడెక్కుతుంది, వైరు బిగించిన స్క్రూలు వేడెక్కవు, ఆ తేడా అంతా కొలతలోకి వస్తుంది. బాక్సులో రెంటికీ మధ్య నాలుగు వేళ్ల దూరం, ఏసీ గాలి నేరుగా తగలని చోటు. కరెంటు ఇగ్నిషన్ ఆన్‌లో వచ్చే ఫ్యూజు నుంచి.

కోడ్‌లో చెప్పుకోవాల్సినవి మూడే. ఒకటి, నాలుగు కొలతల సగటు, సెకనుకి రెండుసార్లు రికార్డు. రెండు, ఎర్ర లైటు ఐదు సెకన్లు ఆగి వెలగాలి, ఆరడానికి 20 డిగ్రీలు కిందికి రావాలి. లేకపోతే హద్దు దగ్గర బజర్ పిచ్చిగా మోగి డ్రైవర్ వైరు పీకేస్తాడు. మూడు, ప్రోబ్ తెగితే తెర మీద గీతలు రావాలి. తెగినప్పుడు పాత అంకె అలాగే నిలబడిపోయే కోడ్ చాలాచోట్ల కనిపిస్తుంది. 410 దగ్గర గడ్డకట్టిన మీటర్ చూసుకుంటూ ఘాట్ ఎక్కడం కన్నా మీటర్ లేకపోవడమే మేలు.

రోడ్డు మీద

స్టార్ట్ చేసి వేడెక్కాక ఐడిల్‌లో 130 నుంచి 160. ఓఆర్ఆర్ (హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు) మీద ఐదో గేరు, 80 వేగం, ట్రైలర్ లేకుండా 300 చిల్లర. ట్రైలర్‌తో 430 నుంచి 470. అదే ట్రైలర్‌తో 95కి పోతే 530 దాటుతుంది. గాలి నెట్టడానికి కావాల్సిన పవర్ వేగం ఘనంతో పెరుగుతుంది. 80 నుంచి 95 అంటే ఆ లెక్క 1.67 రెట్లు. నిలువుగా ఉన్న జనరేటర్ డబ్బా గాలిని చీల్చుకుపోయేది కాదు కాబట్టి ఈ బండికి 80 సరైన వేగం.

అనంతగిరి ఎక్కేటప్పుడు గేరు లెక్క కళ్లముందు కనిపించింది. వికారాబాద్ దాటాక ఎత్తు మొదలయ్యే చోట నాలుగో గేరులోనే ఉంచి 1,400కి పడనిస్తే అంకె 450 నుంచి 660కి ఎక్కింది, అద్దంలో నల్లపొగ. మూడో గేరుకి దించగానే ఇంజన్ మోత పెరిగింది, అంకె 540 దగ్గరికి దిగింది. బండి వేగం మాత్రం అంతే. మోత వింటే బండి కష్టపడుతోందనిపిస్తుంది. మీటర్ చెప్పేది దానికి పూర్తిగా ఎదురు.

శ్రీశైలం రోడ్డు అసలు పరీక్ష. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అడవి గేట్లు మూసి ఉంటాయి కాబట్టి పగలే పోవాలి, అంటే వేసవిలో ఎండలోనే. కృష్ణ వంతెన దగ్గర్నుంచి దోమలపెంట వైపు ఎక్కే మలుపులు ట్రైలర్‌తో రెండో గేరువే. మలుపు తిరిగి కాలు నొక్కేటప్పుడు ఒక్కసారిగా నొక్కితే 700 తాకుతుంది. టర్బో అందుకునేదాకా ఒక రెండు సెకన్లు సగం నొక్కి ఆగితే 640 దాటదు. ఏసీ ఆపితే తేడా వస్తుంది కానీ చిన్నదే. గేరు, కాలు ముందు చూసుకోవాలి. దిగేటప్పుడు 150, 200 మధ్య ఉంటుంది, అక్కడ చూడాల్సింది ఎగ్జాస్ట్ కాదు, బ్రేకులు.

పైకెక్కి ఆపగానే తాళం తీయొద్దు. టర్బో బేరింగ్‌లో ఆయిల్ ఆగిపోయి ఆ వేడికి మాడి బొగ్గవుతుంది. అంకె 200 కిందికి దిగేదాకా ఐడిల్‌లో ఉంచితే చాలు. నిమిషాలు లెక్కపెట్టక్కర్లేదు. ఓఆర్ఆర్ దిగి టోల్ లైనులో నిలబడేసరికే చాలాసార్లు అది అయిపోతుంది.

రికార్డు పట్టించిన లీకు

అదే ట్రైలర్, అదే అనంతగిరి ఎత్తు, అదే మూడో గేరు. ముందు 540 ఉన్నచోట 590. వాతావరణం తేడా అంత లేదు. ఎయిర్ ఫిల్టర్ విప్పితే ఎర్రదుమ్ము ఉంది, మార్చినా పది డిగ్రీలే తగ్గింది. ఇంటర్‌కూలర్ నుంచి ఇన్‌టేక్‌కి పోయే గొట్టం కింది క్లిప్పు దగ్గర తడి దుమ్ము ఒక పక్కకి విసనకర్రలా అంటుకుని కనిపించింది. టర్బో గాలిలో సన్నటి ఆయిల్ ఆవిరి ఉంటుంది. లీకు ఉన్నచోట అది దుమ్ముని పట్టుకుంటుంది. క్లిప్పు బిగువుగానే ఉంది, గొట్టం కొస దాని కింద చీలింది. నిలబెట్టి చూస్తే దొరకదు, ప్రెషర్ పెడితేనే తెరుచుకుంటుంది. గొట్టం మార్చాక అంకె వెనక్కొచ్చింది. డ్రైవర్‌కి అప్పటిదాకా బండి ఊపులో తేడా తెలియలేదు, ఎందుకంటే తగ్గిన గాలికి బదులు కాలు కాస్త ఎక్కువ నొక్కుతూ పోయాడు.

అంకె ఒక్కరోజు చూస్తే ఏమీ చెప్పదు. ఒకే ఎత్తు, ఒకే లోడు, ఒకే గేరు మీద పాత అంకెతో పోల్చితేనే పనికొస్తుంది. ట్రైలర్ టైర్లలో గాలి తగ్గినా కొంత పెరుగుతుంది, ముందు అది చూసుకున్నాకే బానెట్ ఎత్తాలి.

బీఎస్-6 బండి అయితే

డ్రిల్లు ఎత్తే ముందు బండి కంప్యూటర్‌ని చదివే ఓబీడీ రీడర్ తగిలించి చూడండి. పొగలోని మసిని పట్టే ఫిల్టర్ (డీపీఎఫ్) ఉన్న బళ్లలో ఎగ్జాస్ట్ వేడి సెన్సర్లు కంపెనీవే ఉంటాయి. ఇంజన్ కంప్యూటర్ (ఈసీయూ) ఇస్తే పీఐడీ 78 అనే కోడులో కనిపిస్తాయి: మొదటి బైటు ఏ సెన్సర్లు ఉన్నాయో చెబుతుంది, తర్వాత ఒక్కో సెన్సర్‌కి రెండేసి బైట్లు. ఆ అంకెని పదితో భాగించి 40 తీసేస్తే డిగ్రీలు. ఆ సెన్సర్ ఎక్కడుందో మాత్రం తెలుసుకోవాలి. చాలావాటిలో టర్బో తర్వాత, డీఓసీ (పొగని శుద్ధి చేసే క్యాటలిస్టు), డీపీఎఫ్‌ల దగ్గర ఉంటాయి. డీపీఎఫ్ తనని తాను కాల్చుకుని శుభ్రం చేసుకునేటప్పుడు అక్కడ 600 కనిపిస్తుంది, అది లోడు వల్ల వచ్చింది కాదు. బండి ఖాళీగా పోతున్నా వస్తుంది. 620 హద్దుని అక్కడ పెడితే ప్రతి శుభ్రతకీ బజర్ మోగుతుంది. వారంటీలో ఉన్న బండి మానిఫోల్డ్‌కి రంధ్రం పెట్టడం గురించి ఎవరికి వాళ్లే ఆలోచించుకోవాలి.

మిగిలిన పని

ఇన్‌టేక్‌లో ప్రెషర్ సెన్సర్ ఒకటి కలపాలి. వేడి పెరిగినప్పుడు గాలి తగ్గిందా, డీజిల్ పెరిగిందా అన్నది అప్పుడు అక్కడికక్కడే తేలుతుంది. ఫిట్టింగ్ మొదటి వేడి చల్లారాక ఒకసారి బిగించాం. ప్రతి ఆయిల్ మార్పిడికీ చుట్టూ మసి గీత ఉందేమో చూడాలి. ప్రోబ్ ఏడాదికోసారి తీసి కొన మీద పొరలు లేస్తున్నాయేమో, వంగిందేమో చూసి, మళ్లీ మరిగే నీళ్లలో పెట్టి 98 వస్తోందో లేదో చూసుకోవాలి. అలా తీసినప్పుడల్లా కొత్త ఫెర్రూల్ వేయాలి, పాతది అదే లోతులో మళ్లీ కూర్చుంటుందన్న నమ్మకం లేదు.